కుర్చీ ఒప్పుకోని జోకులు

కుర్చీ మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఖాళీ కుర్చీని అడగందే జోకు ఖాయం చేయడు.

రచయితల గదిలో కిటికీ పక్కన చేతులున్న పాత చెక్క కుర్చీ ఒకటి ఉంది. దాంట్లో ఎవరూ కూర్చోకూడదు. ఎవరైనా మంచి జోకు చెప్పి, బల్ల చుట్టూ అందరూ పగలబడి నవ్వుతుంటే, మాస్టారు మాత్రం నవ్వకుండా ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకునేవాడు. మధ్యాహ్నం అందరూ భోజనాలు చేసి వచ్చేసరికి తీర్పు సిద్ధంగా ఉండేది.

"ఒప్పుకోలేదమ్మా."

"ఎవరు మాస్టారూ?"

"కుర్చీ."

"ఎందుకట?"

"అడగలేదు. కాదన్నవాళ్లని గుచ్చి గుచ్చి అడిగితే ఏం బాగుంటుంది?"

కొత్తగా హెడ్ రైటరుగా చేరిన ఆవిడకి మొదటిరోజే ఈ సంభాషణ ఎదురైంది. గదిలో అందరూ ఆవిణ్ణి కొత్త మేడం అనేవారు. మాస్టారు వేళాకోళమాడుతున్నాడనుకుని కొత్త మేడం నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. అందరూ ఓసారి కుర్చీ వైపు చూసి గబగబా తలలు దించుకున్నారు.

వాళ్లు రాసే కార్టూన్ కామెడీ టీవీలో ఎప్పుడు మొదలైందో అక్కడ చాలామందికి గుర్తే లేదు. ఒక పిసినారి తాత, కూతురు, అల్లుడు, రెండో తరగతి చదివే మనవరాలు. కొత్త మేడం రెండో తరగతిలో ఉన్నప్పుడు ఆ మనవరాలూ రెండో తరగతే. ఇప్పుడు మేడం కూతురు రెండో తరగతికొచ్చినా ఆ పిల్ల ఇంకా అదే బెంచీ మీద కూర్చుని ఉంది. ఆఫీసు నడవ పొడుగునా ఆ కుటుంబం బొమ్మలే. ఏ ఏడాది గీసినవైనా అవే ముఖాలు, అవే చిరునవ్వులు. ఆ నడవలో నడుస్తుంటే, తనొక్కతే ముసలిదైపోతున్నట్టూ, గోడ మీది వాళ్లంతా అది గమనించి నవ్వుకుంటున్నట్టూ ఉండేది ఆవిడకి. అందుకే గోడలవైపు చూడకుండా నడిచేది.

చానెల్ పెద్దమనిషి ఆవిణ్ణి పెట్టుకున్నది ఒకే పని మీద. "ఒకప్పుడు ఈ షో వస్తుంటే వీధులు ఖాళీ అయ్యేవి. ఇప్పుడు ఇళ్లల్లో టీవీలు ఖాళీగా మోగుతున్నాయి. రాత ఎందుకు చెడిందో కనిపెట్టండి. ఈసారీ ఇంతే అయితే మూసేస్తాను," అన్నాడాయన.

ఆవిడ గదిలో ఒక్కొక్కళ్లనీ అడిగింది. రోగం అందరికీ తెలుసు.

"మొదట్లో రాసినవాళ్లు వాళ్ల ఇళ్లల్లో మనుషుల్ని చూసి రాశారు మేడం. మేం చిన్నప్పట్నుంచీ ఈ షో చూసి, ఈ షోనే రాస్తున్నాం," అన్నాడు బక్క రచయిత.

"మొదట్లో తాతకి రవ్వంత పిసినారితనం ఉండేది. జనం నవ్వారు కదా అని ఏడాదికి కాస్త పెంచాం. ఇప్పుడాయనలో పిసినారితనం తప్ప తాత లేడు," అన్నాడు లావుపాటి రచయిత.

"మరి ఇప్పుడు రాసిన మంచి జోకులేమవుతున్నాయి?"

ఇద్దరూ మళ్లీ కుర్చీ వైపు చూశారు.

మొదటి ఎపిసోడ్ రాసినవాళ్లలో మిగిలింది మాస్టారొక్కడే. పొట్టి మనిషి. ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. కానీ తాత మాటలున్న పేజీ ఆయన చేతుల్లోంచే వెళ్లాలి. కొత్త మేడం రాత్రంతా మేలుకుని రాసిన జోకులు పొద్దున్న ఇస్తే, మధ్యాహ్నానికి వాటి స్థానంలో ఎప్పుడో ఆవిడ చిన్నప్పుడు విన్న మాటలే ఉండేవి. "లైటు ఆర్పి మాట్లాడు, వినేది చెవులతోనే కదా!" "ఊరికే వాడకు, అరిగిపోతుంది!" "వచ్చినవాళ్లు వెళ్లేవాళ్లా, ఉండేవాళ్లా?" ఇవి తప్ప తాత నోట ఇంకో మాట లేదు.

ఒకరోజు ఒళ్లు మండి ఆవిడ ఆ కుర్చీని తనే మోసుకెళ్లి సామాన్ల గదిలో పడేసింది. భోజనం చేసి వచ్చేసరికి అది కిటికీ పక్కనే ఉంది.

"ఇవాళ దానికి కోపమొచ్చిందమ్మా," అన్నాడు మాస్టారు. "ఒక్క జోకూ ఒప్పుకోలేదు."

"కుర్చీకి కోపమేంటి మాస్టారూ!" అంటూ ఆవిడ దాని మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి ఠక్కున తీసేసుకుంది. కుర్చీ వెచ్చగా ఉంది. కిటికీకి ఎదురుగా పక్క బిల్డింగు గోడే, ఎండ పొడ కూడా రాదు. గదిలోకి అప్పుడే అందరూ కలిసి వచ్చారు. అయినా మనిషి ఇప్పుడే లేచి వెళ్లినట్టు కుర్చీ వెచ్చగా ఉంది.

"మధ్యాహ్నం పూట మేమెవరమూ ఈ దరిదాపులకి రాం మేడం," అని బక్క రచయిత చెవిలో చెప్పాడు. "తలుపు వేసి ఉంటుంది. లోపల్నుంచి తాత గొంతు వినబడుతుంది."

"తాతంటే?"

"బొమ్మ తాత."

కొత్త మేడం దెయ్యాల్ని నమ్మే మనిషి కాదు. కానీ ఆ రోజునుంచీ కుర్చీకి వీపు పెట్టి కూర్చోవడం మానేసింది. ఇంతలో చానెల్ పెద్దమనిషికి ఈ సంగతి ఎవరో చేరవేశారు. "కుర్చీతో మాట్లాడే ఆ ముసలాయన్ని వెంటనే పంపించేయండి. ఆయనుంటే షో ఉండదు," అని ఫోన్లో అరిచాడు.

పంపించే ముందు ఆవిడ ఒక పని చేసింది. కుర్చీని అడక్కుండా, మాస్టారికి చూపించకుండా, తాత పేజీ తనే కొత్తగా రాసి నేరుగా రికార్డింగుకి పంపేసింది.

తాతకి గొంతిచ్చే నటుడు మొదటినుంచీ ఒక్కడే. అక్కడ అందరూ గొంతాయన అనేవారు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. కారు దిగినప్పట్నుంచీ మాస్టారు ఆయన చెయ్యి వదిలేవాడు కాదు. పాత స్నేహితులు, ముచ్చటగా ఉన్నారనుకునేది మేడం. ఆ రోజు మాస్టారు మంచినీళ్లు తేవడానికి వెళ్లినప్పుడు, ఆవిడ అద్దానికి ఇవతల సౌండ్ ఇంజినీరు పక్కన కూర్చుని హెడ్‌ఫోన్సు పెట్టుకుంది.

గొంతాయన కొత్త పేజీ చూశాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. హెడ్‌ఫోన్సులో ఊపిరి మాత్రం వినబడుతోంది. ఆ ఊపిరి అలా సాగుతూనే ఉంది. ముఖంలోంచి మనిషి మెల్లగా ఎటో వెళ్లిపోతున్నాడు. తర్వాత ఆయన తలెత్తి, అద్దంలోంచి సూటిగా ఆవిడ కళ్లల్లోకి చూసి, బొమ్మ తాత గొంతుతో అడిగాడు.

"వచ్చినవాళ్లు... వెళ్లేవాళ్లా, ఉండేవాళ్లా?"

ఆ మాట పేజీలో లేదు. ఇంజినీరు చటుక్కున మీట నొక్కి రికార్డింగు ఆపేశాడు.

"మైకు పాడైంది మేడం."

"బాగానే ఉంది కదా!"

"పాడైంది మేడం," అన్నాడతను, ఈసారి బతిమాలుతున్నట్టు.

మాస్టారు పరుగున వచ్చి గొంతాయన భుజం మీద చెయ్యి వేసి తీసుకెళ్లిపోయాడు. వెళ్తూ ఆవిడ వైపు తిరిగి, "కుర్చీని అడగాల్సిందమ్మా," అన్నాడు. ఆయన గొంతులో కోపం ఆవిడ వినడం అదే మొదటిసారి.

మధ్యాహ్నమైంది. అందరూ భోజనాలకెళ్లారు. ఆవిడ మాత్రం తినకుండానే తిరిగొచ్చింది. నడవలో బొమ్మలన్నీ ఆవిణ్ణే చూస్తున్నాయి. రచయితల గది తలుపు వేసి ఉంది. లోపల్నుంచి తాత గొంతు. ఆవిడ తలుపు కాస్త తోసింది. కర్టెన్లన్నీ దించేసి, పట్టపగలే గది చీకటిగా ఉంది. చెయ్యి గోడ మీద స్విచ్చు కోసం వెతికింది.

"లైటు ఆర్పి మాట్లాడు, వినేది చెవులతోనే కదా!" అంది కుర్చీ.

ఆవిడ కెవ్వుమనబోయి నోరు నొక్కుకుంది. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక కనబడింది. కుర్చీలో గొంతాయన కూర్చుని ఉన్నాడు. ఎదురుగా మాస్టారు, చేతిలో కాగితాలు.

"ఇదొకసారి అను చూద్దాంరా," అంటూ మాస్టారు లావుపాటి రచయిత జోకు చదివాడు. గొంతాయన అనబోయాడు. మాట సగంలో జారిపోయింది. "పోనీలే, దిక్కుమాలిన జోకు. మరి ఇది? ఊరికే వాడకు..."

"అరిగిపోతుంది!" గది మారుమోగింది. "ఒరేయ్, ఈ మాట నాదే కదరా!"

"నీదేరా. నీది కాకపోతే ఎవరిది?"

గొంతాయన కుర్చీలోనే కునుకులోకి జారాక మాస్టారు నడవలోకి వచ్చాడు. మేడం ఏమీ అడగకముందే చెప్పాడు.

"కొత్త మాట నిలవడం లేదమ్మా వాడికి. పాతవే మిగిలాయి. ఇంటి దగ్గర కూర్చోబెడితే మాటే ఉండదు, కూతుర్ని కూడా ఎవరండీ మీరు అంటాడు. ఇక్కడ తాతగా ఉన్నంతసేపూ మనిషిగా ఉంటాడు."

"పాత రికార్డింగులు వాడుకోవచ్చుగా?"

"వాడుకోవచ్చు. అప్పుడు వాణ్ని ఇక్కడికి ఎవరు రానిస్తారు?"

"షో నాశనం చేశారని అందరూ మిమ్మల్ని తిడుతున్నారు మాస్టారూ!"

"తిట్టనీ. గుర్తుపెట్టుకుని బాధపడటానికి నాకు మతి ఉందిగా. అయినా షోని మేమొక్కళ్లమే పాడు చేశామనడం అన్యాయమమ్మా. వాడికి బాగున్నప్పుడే అది చాలావరకు పాడైంది."

మేడంకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు కానివ్వాలో తెలియక ముక్కు చీదుకుంది. తర్వాత తలుపు సందులోంచి ఆ కుర్చీ వైపు చాలాసేపు చూసింది.

"మాస్టారూ, జవాబులు మారకపోతే పోనీ. ప్రశ్నలు మార్చొచ్చుగా?"

మర్నాడు మేడం ఆ ముసలాయన్ని పంపించేశానని చానెల్‌కి ఫోన్లో చెప్పేసింది. గదిలో అందరికీ పని పడింది. తాత మాటలు ముట్టుకోకూడదు. వాటి ముందు మాట కొత్తగా రాయాలి. బక్క రచయిత తన ఇంటిని తలుచుకున్నాడు, లావుపాటి రచయిత తన అత్తగారిని తలుచుకున్నాడు. కొత్త మేడం తన కూతురి నోట్లోకి చూసి రాసింది. రికార్డింగులో మాస్టారే ఎదురు కూర్చుని, ఇంట్లో మిగతావాళ్ల గొంతులన్నీ తనే పట్టి అడిగాడు.

"తాతా, నాకు కొత్త పళ్లు వచ్చాయి!"

"వచ్చినవాళ్లు వెళ్లేవాళ్లా, ఉండేవాళ్లా?"

"మావయ్యగారూ, ఈసారి నేను నా బుర్ర ఉపయోగిద్దామనుకుంటున్నాను."

"ఊరికే వాడకు, అరిగిపోతుంది!"

ఇంజినీరు నవ్వలేక కుర్చీలోంచి జారి కిందకి వంగిపోయాడు. వెనక నిలబడి వింటున్న చానెల్ పెద్దమనిషి కళ్లు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"చూశారా మేడం! ఆ కుర్చీ ముసలాయన్ని పంపించేయగానే ఎంత తేడా వచ్చిందో! షో ఇంకో ఏడాది నడవాల్సిందే." మాస్టారి ముఖం ఎన్నడూ చూడని ఆయన, పక్కనే ఉన్న మాస్టారి భుజమే తట్టాడు. "ఏమంటారు పెద్దాయనా?"

"నిజమేనండీ," అన్నాడు మాస్టారు. "పీడ వదిలింది."

షో మునుపటంత గొప్పగా ఏమీ అవలేదు. చిన్నప్పుడు చూసినంత బాగాలేదని జనం అంటూనే ఉన్నారు. కొత్త మేడం ఆ తిట్లలో సగం తన వాటాకి తీసుకుంది.

చానెల్ పెద్దమనిషి వచ్చిన ఆ రోజు రికార్డింగయ్యాక మాస్టారు గొంతాయన్ని లేపి నడిపించబోయాడు. గొంతాయన కదల్లేదు. మాస్టారి వైపు ఎగాదిగా చూసి, మెచ్చుకోలుగా తలాడించాడు.

"మీరెవరో కానీ భలే నవ్విస్తారండీ. ఎక్కడైనా రాయకూడదూ?"

మాస్టారు వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"ఎవరిస్తారండీ అవకాశం?" అన్నాడు మాస్టారు.

గొంతాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇక్కడ నా మాటకి కాస్త విలువుంది. మీ గురించి నేను చెబుతాను, దిగులు పడకండి."

"మీ దయండీ," అన్నాడు మాస్టారు. గొంతాయన ఆయన చెయ్యి పట్టుకుని, దారి చూపిస్తూ బయటికి తీసుకెళ్లాడు.