గోనెపట్టా మీద ఇంగ్లీషు

మా ఫుట్‌బాల్ మాస్టారు పోయిన సంగతి నాకు ఫోన్‌లో ఫొటోగా వచ్చింది. ముఖం చుట్టూ రోజాపూలు, కింద ‘లెజెండ్’ అన్న మాట. అది పంపినవాళ్లలో, బతికుండగా ఆయనకి కుర్చీ వేసినవాళ్లు ఒక్కరూ లేరు.

నెల్లిమర్ల జూట్ మిల్లులో సంచుల మీద అచ్చులు కొట్టే పని ఆయనది. రేకులో అక్షరాలు కోసి, గోనె మీద పెట్టి, నీలం రంగు అద్దడం. షిఫ్టు దిగి నేరుగా మా మైదానానికి వచ్చేవారు. గోళ్లలో ఆ నీలం ఎప్పటికీ పోయేది కాదు. టీవీలో మ్యాచ్ చూస్తూ ఇంగ్లీషు మాటలు ఏరుకునేవారు. రేకు కత్తిరించి, చిరిగిన గోనెపట్టాల మీద అచ్చేసి, మైదానం గోడకి మేకులతో బిగించేవారు. ఆఫ్‌సైడ్. త్రో ఇన్. క్లియర్ ఇట్. మేన్ ఆన్.

అర్థం అడిగితే చెప్పేవారు కాదు, ఆడించేవారు. ‘మేన్ ఆన్’ నేర్పిన రోజు నా కాలికి బంతి ఇచ్చి, వెనకనుంచి చప్పుడు కాకుండా మా జట్టులోని మేరీని పంపారు. బంతి పోయింది, మోకాలూ చెక్కుకుపోయింది.

“అందరం ఆడపిల్లలమే కదా మాస్టారూ, మేన్ ఎక్కడ?” అంది మేరీ.

“ఏటే నీ లాజిక్కు! యెనకనుంచి మేకొచ్చినా మేన్ ఆన్ అనే అరవాల. బంతి కాలికాడున్నోల్లకి యెనక కల్లుండవు. సూసినోల్లే అరవాల.”

ఇవాళ ఏ మ్యాచ్ కామెంటరీ విన్నా నాకు మాటకంటే ముందు ఆ మోకాలు గుర్తొస్తుంది. కాలేజీ ఇంగ్లీషేదీ నాకు అలా ఒంటబట్టలేదు.

విజయనగరంలో జిల్లా జట్టు ఎంపికకి ఆ పట్టాలన్నీ చుట్టచుట్టి చంకలో పెట్టుకొచ్చారు. ఎంపిక చేసే పెద్దమనిషి ఒకదాన్ని వేలికొసలతో పట్టుకుని చూశాడు.

“ఇదేం ఇంగ్లీషయ్యా, ఉల్లిపాయల బస్తాలా! బయటి ఊళ్లలో రిఫరీతో నువ్వేం మాట్లాడతావు?”

పక్కవాళ్లు నవ్వారు. మాస్టారు నా వంక చూశారు. డిగ్రీలో ఇంగ్లీషు చదువుతున్నది నేనొక్కదాన్నే. ‘ఇందులో ఒక్క తప్పు లేదు సార్, మాకు ఆట వచ్చింది వీటితోనే’ అంటే చాలు. కానీ నా పేరు అప్పుడే పదకొండుమందిలో పడింది. నోరు మూసుకున్నాను.

జిల్లా జట్టు పోటీలకి బయల్దేరిన రోజు మాతో వేరే కోచ్ వచ్చాడు. మాస్టారు బస్సు కిటికీలోంచి అరటిపళ్లు అందించి, “ఒకలికొకలు అరుసుకోండే” అన్నారు. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

నిన్న మైదానంలోనే సంతాపసభ పెట్టారు. ఆ పెద్దమనిషే మైకు పట్టుకుని “నా కుడిభుజం పోయింది” అన్నాడు. కళ్లద్దాలు తీసి, పొడికళ్లు తుడుచుకున్నాడు. తర్వాత కిందికి దిగి, మైకు నాకందిస్తూ, “ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పమ్మా, వీడియోకి బాగుంటుంది” అన్నాడు. అసహ్యమేసింది. అందులో ఆ పెద్దమనిషి వాటా సగమే, మిగతా సగం నాది.

వానకి నేలంతా బురద. కాళ్లు తుడుచుకోవడానికి వేదిక మెట్టు దగ్గర ఎవరో గోనెపట్టా పరిచారు. గోడ మీదిదే. ఆ పెద్దమనిషి దానిమీదే నిలబడి ఉన్నాడు.

“సార్, కాలు తీయండి.”

మైకులో గట్టిగా వినపడింది. అందరూ తిరిగారు.

“ఏంటమ్మా?”

“కాలు తీయండి. అది మా మాస్టారిది.”

ఏదో తొక్కాననుకుని ఒక కాలెత్తి చూసుకున్నాడు. బూటు ముద్ర కింద, బురదలోంచి నీలంగా ‘మేన్’ అన్న మాట కనిపించింది. రెండో కాలు ఇంకా పక్క మాట మీదే ఉంది.