గడీ చెట్టు వేర్లలో ఒక ఖాళీ

డ్రాయింగ్ సారు పోయాడని పోయిన నెల సూరారం నుంచి ఫోన్ వచ్చింది. చేసినవాడు మా ఇద్దరి దగ్గరా చదువుకున్న పాత విద్యార్థి. ఇప్పుడు అక్కడే ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. "సారూ, పొద్దుగాల చాయ్ తాగుకుంట తాగుకుంటనే ఒరిగిపోయిండంట" అని బావురుమన్నాడు. పాఠకులు ఏమనుకున్నా సరే, నా మనసులో మొదట మెదిలిన మాటే రాస్తున్నాను: ఇందులో కూడా నాకంటే ముందే వెళ్ళాడు. దుఃఖం ఆ తరువాత వచ్చింది. ఆ దుఃఖంలో కూడా, రేపు నేను పోతే వీడు ఇంతలా ఏడుస్తాడా అని ఒక ముల్లు గుచ్చుకుంది.

శామీర్‌పేట దగ్గర ప్రభుత్వ బడిలో ఇద్దరం పద్నాలుగేళ్ళు కలిసి పనిచేశాం. సోషల్ చెప్పేది నేను. రాజులు, యుద్ధాలు, కోటలు, తేదీలతో సహా నాకు నోటికొచ్చు. అయినా పిల్లలకు కోట గురించి అనుమానం వస్తే పరుగెత్తేది డ్రాయింగ్ సారు దగ్గరికే. ఆదివారం వచ్చిందంటే ఆయన తన లూనాను మేడ్చల్ బస్టాండులో పెట్టి, మెదక్ కోటకో భువనగిరి కోటకో బస్సెక్కేవాడు. సంచిలో డ్రాయింగ్ పుస్తకం, కొలతకు ముడులు వేసిన తాడు, మధ్యాహ్నానికి సద్ది. బురుజు చుట్టూ తాడు పట్టుకుని తిరుగుతుంటే గొర్లు కాసేవాళ్ళు కూడా ఆగి చూసేవాళ్ళట. "కోట అంటే గోడలొక్కటే కాదు బిడ్డా, గోడెనక ఎవరు అన్నం వండిండ్రో గది అడుగుండ్రి" అని పిల్లలకు చెప్పేవాడు. ఆ మాట నేనెందుకు అనలేకపోయానా అని ఇప్పటికీ కుళ్ళుకుంటాను.

సోమవారం స్టాఫ్ రూములో అందరూ ఆయన పుస్తకం చుట్టూ మూగేవాళ్ళు. నేనొక్కణ్ణే పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, "గా గోడ కట్టించిన రాజెవరో జెప్పుమనుండ్రి సూద్దాం" అనేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. "నాకేడ ఎరిక సారూ, గందుకే గదా మీరున్నరు" అనేవాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండేది. తిరిగి ఒక మాట అంటే నా కసి తీరేది. అనేవాడు కాదు. చివరికి మా ఆవిడ కూడా, "ఆ సారు మాట్లాడుతుంటే పాఠం లెక్కనే ఉండదు" అంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఆయనకు లేనిది, నాకు ఉన్నదని చెప్పుకోవడానికి ఒక్కటే ఉండేది. శామీర్‌పేట అవతల మా ఊళ్ళో పాత గడీ ఉంది. దొరలు కట్టుకున్న ఇల్లే కానీ చూడడానికి కోటే. ఎత్తయిన గోడలు, నాలుగు మూలలా బురుజులు, ఏనుగు పట్టే దర్వాజా. "మాది గడీ వంశమే" అని బడిలో చేరిన కొత్తలో ఊరికే అన్నాను. ఎవరూ కాదనలేదు. ఏటా ఇంకాస్త పెంచి చెప్పుకుంటూ వచ్చాను. కోటలు ఆయన కొలుచుకుంటే కొలుచుకోనీ, కోటలో పుట్టినవాళ్ళం మేము అని నా ధీమా.

తొంభైల చివర్లో ఒక ఏడాది, బడి వార్షికోత్సవానికి ఆ గడీవాళ్ళ వంశవృక్షం గోడ మీద వేయించాలని హెడ్‌మాస్టరుకు బుద్ధి పుట్టింది. నన్ను ఒక్క మాట అడగలేదు. పని తీసుకెళ్ళి డ్రాయింగ్ సారు చేతిలో పెట్టాడు. ఆయన ఆరు నెలలు మా ఊరి చుట్టూ తిరిగాడు. పాత కాగితాలు చూసి, సమాధుల మీద పేర్లు రాసుకుని, ముసలివాళ్ళను పలకరించి ఏడు తరాల పేర్లు కూర్చాడు. గోడకు ఎక్కించే రోజు దగ్గర పడేకొద్దీ నాకు గుబులు పట్టుకుంది. ఒక ఆదివారం సూరారంలో ఆయన ఇంటికి వెళ్ళాను. వాకిట్లో పెద్ద కాగితం పరిచి కొమ్మలు గీస్తున్నాడు.

"సారూ, ఏదన్న ఒక కొమ్మ మీద మా తాత పేరు వెయ్యుండ్రి. దూరపు సుట్టమని వేసినా సాలు" అన్నాను.

ఆయన పెన్సిలు పక్కన పెట్టాడు. "గా ఊర్ల అవ్వ ఒకామె జెప్పింది సారూ. మీ తాత గడీ తలుపులు తీసేటాయనంట గదా. పొద్దుగాల తీసుడు, పొద్దుమీకి ఏసుడు. గాయన రాంది దొర గూడ బయటికి పోకపోతుండెనంట" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు, మురిపెం ఉంది. "కొమ్మ మీద వేస్తే అబద్ధమైతది. వేర్ల కాడ వేస్త. బట్టలుతికినామె, గుర్రాలు జూసినాయన, నీళ్ళు మోసినాయన, అందరి పేర్లు దొరికినయి. మీ తాత పేరే అవ్వకు యాదికి లేదు. మీరు జెప్పుండ్రి, రాసుకుంట."

నేను చెప్పలేదు. "ఎవరో ముసల్ది వాగితే నమ్ముతవా" అని లేచాను. ఆయన భార్య చాయ్ తెచ్చేలోపు గేటు దాటేశాను.

దారంతా సిగ్గుతో పాటు అసూయ. తాత గడీలో పనిచేశాడని నాకు తెలుసు. ఆయన రానిదే దొర బయటికి పోలేదన్న మాట మాత్రం మా నాయిన కూడా నాకు చెప్పలేదు. నా సొంత తాత గురించిన మంచిమాట కూడా ఆయనకే ముందు దొరికింది.

వార్షికోత్సవం నాటికి గోడ మీద చెట్టు సిద్ధమైంది. కొమ్మల నిండా దొరలు, వేర్ల దగ్గర పనివాళ్ళ పేర్లు. ఒకచోట 'తలుపులు తీసినవారు' అని రాసి, పక్కన ఖాళీ. ముఖ్య అతిథిగా వచ్చిన దొరల మనవడు శాలువా పట్టుకుని ఆ ఖాళీ దగ్గర ఆగాడు. "ఇదేమిటి, పని సగంలో వదిలేశారా? అసలు మా చెట్టు కింద వీళ్ళంతా ఎందుకు?" అన్నాడు, అందరూ వింటుండగా. డ్రాయింగ్ సారు చేతులు కట్టుకుని, "ఒక్క పేరు దొరకలె సార్. పొరపాటు నాదే" అన్నాడు. శాలువా భుజాన కప్పలేదు, మడత విప్పకుండా చేతిలో పెట్టారు.

నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. ఇక దాచేదేముంది, లోపల సంతోషమే అనిపించింది. ఆయన తల దించుకోవడం నేను చూడడం అదే మొదటిసారి.

ఆ తరువాత ఎనిమిదేళ్ళు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. ఒక్కరోజూ ఆ సంగతి ఎత్తలేదు. కొత్తగా వచ్చిన టీచర్లకు నన్ను "సోషల్ సారుది గడీ ఉన్న ఊరు" అని పరిచయం చేసేవాడు. అబద్ధం ఆడకుండా, నా పరువు పోకుండా, అంత జాగ్రత్తగా మాట ఏరుకునేవాడు. నేను దానికీ ఏడ్చాను. మంచితనంలో కూడా నాకు కాస్త చోటు వదలలేదని.

మొన్న బడిలో సంతాప సభ పెట్టారు. గౌడవెల్లి నుంచి, కొంపల్లి నుంచి పాత విద్యార్థులు వచ్చి వరండా కూడా చాలక ఎండలో నిలబడ్డారు. ఎంతమందో లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. సీనియర్ని కాబట్టి మొదట నన్ను మాట్లాడమన్నారు. జేబులో రాసుకొచ్చిన కాగితం తీయలేదు.

"గోడ మీద గా ఖాళీ ఆయన పొరపాటు గాదు. గడీ తలుపులు తీసింది మా తాత. పేరు నేనే జెప్పలే" అన్నాను. గుసగుసలు లేచాయి. వెనక ఎవరో నవ్వారు కూడా.

ముందు వరుసలోంచి ఆయన భార్య లేచింది. "మీ తాతనే అని గాయినకు ఎరికే సారూ. మీరే జెప్తరని ఎదురుసూస్తుండె. ఇగ జెప్పుండ్రి, పేరేంది?"

"ఎల్లయ్య."

ఆ బడిలో ఆ పేరు నేను పైకి అనడం అదే మొదలు. ఆమె పక్కనున్న పిల్లను అడిగి పెన్ను తీసుకుంది. కాగితం కోసం అటూ ఇటూ చూసి, దొరక్క ఎడమ అరచేతిలో రాసుకుంది, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. తరువాత చాలామంది ఆయన గురించి మాట్లాడారు. ఆమె ఆ చేతిని ఒళ్ళో వెల్లకిలా, చీరకు తగలకుండా పెట్టుకుని కూర్చుంది. సభ అయ్యేదాకా కళ్ళు తుడుచుకున్నది రెండో చేత్తోనే.