చేప పెట్టె ఎవరిదండీ?

1955 మొదట్లో సంగతి. ఏలూరులో కాలవ గట్టుకు దగ్గరగా మా ప్రెస్ ఉండేది. ప్రెస్ అనగానే పెద్దగా ఏమీ ఊహించుకోకండి. కాలితో తొక్కే ట్రెడిల్ మిషన్ ఒకటి, పెద్ద కాగితాల కోసం చేత్తో లాగే హ్యాండ్ ప్రెస్ ఒకటి, గోడ పొడుగునా అక్షరాల కేసులు, అంతే. శుభలేఖలు, రైసు మిల్లుల బిల్లు పుస్తకాలు, హరికథల కరపత్రాలు మాకు తిండి పెట్టేవి. ఆ చలికాలం మాత్రం ఎన్నికలొచ్చి పడ్డాయి. ఊపిరి తీసుకోవడానికి తీరిక లేదు.

ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు, అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది. పెట్టె మీద అతని గుర్తు అంటించేవారు. చదువు రానివాళ్ళు గుర్తు చూసుకుని తమ చీటీ ఆ పెట్టెలో వేసి వచ్చేవారు. అందుకే పోస్టర్లన్నీ ఒకే వాలకంలో ఉండేవి. నడిమధ్యన పెద్ద గుర్తు, దాని కింద వుడ్ టైపులో అభ్యర్థి పేరు. వుడ్ టైప్ అంటే చెక్కతో చేసిన పెద్ద పెద్ద అక్షరాలు. అంత అక్షరం సీసంతో పోస్తే ఎత్తడానికి ఒక మనిషి కావాలి.

ఆ హడావిడిలో సుభద్రగారు మా ప్రెస్ మెట్లెక్కారు. యూనివర్సిటీలో జంతుశాస్త్రం లెక్చరరు. కొల్లేటి చేపల గురించి వాళ్ళ శాఖ తెలుసుకున్న సంగతులను జాలర్లకు చేరవేసే పని ఆవిడకు అప్పగించారు. తాడేపల్లిగూడెంలో అక్కగారింట్లో దిగి, రైల్లో వచ్చి పోతుండేవారు.

"తొలి వరదకి చేప ఎదురెక్కి గుడ్లు పెడుతుందండీ. సరిగ్గా అప్పుడే సన్నకన్ను వలలు వేస్తే తల్లీ పిల్లా రెండూ పోతాయి. ఎండాకాలంలో వలలు అల్లేసుకున్నాక చెప్పి లాభం లేదు. ఇప్పుడే చెప్పాలి" అన్నారు. కాస్త ఆగి, "కనీసం ఒక్క లంక అయినా మా మాట వినకపోతే వచ్చే ఏడు ఈ పని ఆపేస్తామన్నారండీ మా వాళ్ళు" అని కూడా అన్నారు.

ఆవిడ మద్రాసు వెళ్ళి రంగురంగుల్లో వేయించుకోవచ్చు. అదే అడిగాను. "మీ దగ్గరైతే తప్పొస్తే వెంటనే వచ్చి పోట్లాడొచ్చు కదండీ" అని నవ్వారు. చిన్న ఊరి ప్రెస్‌ను నమ్మి అంత పని చేతిలో పెట్టిన మనిషిని ఎలా మరిచిపోతాను?

బొమ్మకు ఖాసింగారిని పిలిపించాను. ఆయన మా ఏలూరు తివాచీలకు డిజైన్లు గీసే మనిషి. మాకు అవసరమైనప్పుడు చెక్క మీద బొమ్మ చెక్కి బ్లాకు చేసి ఇచ్చేవారు. బ్లాకు అంటే అచ్చుకు పనికొచ్చేలా ఉబ్బెత్తుగా చెక్కిన బొమ్మ. అసలు కథ ఇక్కడే మొదలయింది. ఆరడానికి తాడు మీద వేలాడుతున్న ఎన్నికల పోస్టర్లను సుభద్రగారు తలెత్తి చూసి, "అబ్బ, ఎంత బాగున్నాయండీ! చదువు రాకపోయినా కళ్ళకు కొట్టినట్టు కనబడుతున్నాయి. మాదీ అచ్చం ఇలాగే వేయండి" అన్నారు. మంచి ఆలోచనే అనిపించింది. ఖాసింగారు తివాచీ పువ్వుల్లో పువ్వులాగా, పొలుసు పొలుసుకూ గీత పెట్టి చేపను చెక్కారు. దాని కింద, చెయ్యి అలవాటు కొద్దీ, మీటింగులో మాట్లాడే సుభద్రగారి పేరు వుడ్ టైపులో బిగించాను. మీటింగు తేదీ, చేపను కాపాడుకోవాలన్న నాలుగు మాటలు అడుగున చిన్న అక్షరాల్లో వెళ్ళాయి.

పడవవాడికి ఇచ్చి లంకల్లో అంటించమన్నాం. అతను బుద్ధిగా ఎన్నికల పోస్టర్ల పక్కనే అంటించి వచ్చాడు.

కొన్నాళ్ళకు ఒక పెద్దాయన తలపాగా విప్పి చంకలో పెట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. పేరు సత్తెయ్య, కొల్లేటి లంకలో కులపెద్ద. పోస్టరు అడుగున అచ్చువేసిన ప్రెస్ పేరు, ఊరు ఉండాలని చట్టం. దాన్ని ఇంప్రింట్ అంటాం. ఎవరిచేతనో అది చదివించుకుని, అడుగుతూ అడుగుతూ మమ్మల్ని పట్టుకున్నాడు. చేతిలో మా చేప, మడత నలగకుండా.

"ఏవండీ, ఈ చేప పెట్టె ఎవరిదండీ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "పెట్టేంటండీ?"

"అదేనండీ, ఓట్ల పెట్టె. ఈ సుభద్రమ్మగారు ఏ ఊరి ఆవిడండీ? మా లంకలో పెద్దలంతా కూచుని, అందరం ఒకే పెట్టెలో ఏద్దామని ఒట్టేసుకున్నామండి. ఇప్పుడు ఈ చేప వచ్చింది. మన చేప మనకుండగా ఇంకోళ్ళకి ఎందుకెయ్యాలని కుర్రోళ్ళు, ఇచ్చిన మాట తప్పకూడదని పెద్దోళ్ళు. ఇంట్లో ఇంట్లోనే మాటల్లేవండి. ఆవిడ్ని మీటింగుకి రావద్దని చెప్పండి. వచ్చినా పడవ దిగనియ్యరండి."

నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. మీటింగు పెట్టుకున్నది ఆ లంకలోనే, అది కాదంటే సుభద్రగారి పని అక్కడితో సరి. సరిగ్గా ఆవేళే ఆవిడ ఇంకో కరపత్రం ప్రూఫు చూసుకోవడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నారు. కోప్పడతారనుకున్నాను. బెంచీ మీద సత్తెయ్య పక్కనే కూర్చున్నారు.

"సుభద్రని నేనేనండీ. నాకు ఓట్లు వద్దు" అన్నారు. "తొలి వరద రోజుల్లో సన్నకన్ను వల వేయొద్దని అడగడానికి వస్తానన్నాను. ఆ ముక్క చిన్న అక్షరాల్లో వేశాం. నన్ను పెద్ద అక్షరాల్లో వేశాం."

సత్తెయ్య ఆవిడను, పోస్టరును మార్చి మార్చి చూసి పకపకా నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "చింపేద్దామన్నారండి మావోళ్ళు. నాకే చేతులు రాలేదు. చేప అంత బాగుంది" అన్నాడు. మూల కూర్చుని ఇంకో బ్లాకు చెక్కుతున్న ఖాసింగారు తలెత్తలేదు గాని, ఆయన ఉలి మాత్రం ఆగింది.

"మీ లంకలో అందరికీ ఏదైనా చెప్పాలంటే ఎలా చెబుతారండీ?" అని అడిగారు సుభద్రగారు.

"ఎలాగేంటండీ, టముకేయిస్తాం. వీధి వీధికీ టముకు కొట్టి చెప్పిస్తాం."

"అయితే ఈసారి కాగితం మీద టముకు వేయిద్దాం" అన్నారావిడ.

ఇద్దరూ అక్కడే కూర్చుని మాటలు కుదిర్చారు. ఆవిడ వాక్యం చెబితే, మావాళ్ళు అలా అనరండీ అని ఆయన తిరగ చెప్పేవాడు. ఆయన మరీ కుదిస్తే, అసలు సంగతి జారిపోతోందని ఆవిడ పట్టుకునేవారు. "నా చేపను అవతల పెట్టేయమంటారా?" అన్నారు ఖాసింగారు చిన్నబుచ్చుకుని. తివాచీలో ముడి తప్పినట్టు ఉంది ఆయన మొహం. "దాచండి. దానికీ ఓ రోజు వస్తుంది" అన్నారు సుభద్రగారు. ఓదార్పుకి అన్న మాటే అనుకున్నాను.

కొత్త పోస్టరులో తాటి దోనె మీద నిలబడి టముకు వేసే మనిషి, కింద ఎదురెక్కే చేపలు. ఈసారి వలల మాట వుడ్ టైపులో, ఆవిడ పేరు అడుగున మా ఇంప్రింటు పక్కన. ఓట్లు అయిపోయేదాకా ఆగి సత్తెయ్య స్వయంగా అంటించుకున్నాడు. టముకు మనిషికి పోటీదారు ఎవరూ ఉండరని ఆయన ధీమా.

మీటింగుకు నేనూ, ఖాసింగారూ వెళ్ళాం. జనం వస్తారో రారో అని సుభద్రగారు పడవలో ఉన్నంతసేపూ కొంగు చివర నలుపుతూనే ఉన్నారు. మా పడవ కనబడగానే నిజం టముకే మోగింది. లంకలో టముకు వేసే ఆయన, బొమ్మలో ఉన్నది తానేనని అప్పటికే నిర్ణయించేసుకున్నాడు. వాదోపవాదాలు బాగానే జరిగాయి. రోజు గడవడం ఎలాగని ఒక ముసలామె గట్టిగానే నిలదీసింది. పెద్దకన్ను వలకు అడ్డులేదని, వరద తొలి ఉరవడి తగ్గేదాకా ఆగితే చాలని సుభద్రగారు ఓపిగ్గా చెప్పారు. పొద్దువాలే వేళకు పెద్దలు సరేనన్నారు. ఆవిడ తలవంచి నమస్కారం పెట్టారు.

ఆ తరువాతి ఏడు చదువుల ప్రదర్శన ఒకటి జరిగింది. పుస్తకాలు, పటాలు, పోస్టర్లు, యూనివర్సిటీ శాఖలు జనం కోసం వేయించినవన్నీ పోటీకి పెట్టారు. సుభద్రగారు మా రెండు పోస్టర్లూ పంపారు. రూపకల్పనకు మొదటి బహుమతి వచ్చింది. దేనికనుకున్నారు? లంకలో గొడవ పెట్టిన ఆ చేపకు! అక్షరం ముక్క రాకపోయినా ఎవరికైనా ఇట్టే అర్థమయ్యే పోస్టరని న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారట.

బహుమతి అందుకునేటప్పుడు ఆవిడ ఖాసింగారిని చెయ్యి పట్టుకుని లాగినంత పని చేసి వేదిక మీదికి పిలిచారు. "ఈ చేప అందం ఈయనది. దీన్ని చూసి మా జాలర్లు నేను ఎలక్షన్లలో నిలబడ్డాననుకున్నారండీ" అని మొత్తం కథ చెప్పేశారు. రెండో పోస్టరు విప్పి, "మా పని నిలబెట్టింది ఇది. దీనికి మాటలు సత్తెయ్యగారివి" అన్నారు. నా పేరు, ప్రెస్ పేరు కూడా చెప్పారు. బహుమతిగా ఇచ్చిన కప్పును ఆవిడ ఇంటికి తీసుకుపోయి అద్దాల బీరువాలో పెట్టుకుని ఊరుకోవచ్చు. ఎవరి వంతు వాళ్ళకు నలుగురిలో పంచి ఇచ్చిన మనిషిని నా వృత్తిలో మళ్ళీ చూడలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

ఆ తరువాత ఏ పోస్టరు వేయమని ఎవరు వచ్చినా, ఏం వేయాలని ముందు అడగడం మానేశాను. ఏ గోడ మీద అంటిస్తారు, ఆ గోడ మీద ఇప్పటికే ఏముంది అని అడిగేవాణ్ణి. అదో చాదస్తం అనుకుని కొందరు నవ్వుకునేవారు.

ప్రదర్శన అయ్యాక కప్పు పట్టుకుని లంకకు వెళ్ళాం. సుభద్రగారి పనిని యూనివర్సిటీ ఇంకో ఏడు పొడిగించింది కూడా. ఆ కబురు, బహుమతి కబురు రెండూ చెప్పాం. సత్తెయ్య కప్పును అటూ ఇటూ తిప్పి, ఏ పోస్టరుకు వచ్చిందని అడిగాడు. చెప్పాం. చుట్టూ చేరిన తన వాళ్ళ వైపు తిరిగి గొంతెత్తాడు.

"ఒరే, ఇన్నారా? మనం ఒక్క ఓటు ఎయ్యకపోయినా చేప గెలిచిందిరా!"

ఎవరూ చెప్పకుండానే టముకు మోగింది.