నాగుపాము ముందు నా పీహెచ్‌డీ

మాది తాండూరు. నేను హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్నాను. నాగుపాము విషంలోని ఒక అణువు మన నరాన్ని ఎలా పట్టుకుంటుందో కంప్యూటర్‌లో లెక్కలు కట్టడం నా పని. పాము సంగతి అటుంచి, విషం సీసా కూడా నేను చూడలేదు. మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ "మా బిడ్డ పాముల మీద చదువుతున్నది" అని చెప్పి పెట్టింది.

పోయిన దసరాకి ధారూర్‌లో మా చిన్నమ్మ ఇంటికి వెళ్లాను. వాకిట్లో పేర్చిన నాపరాళ్ల సందులోకి నాగుపాము దూరింది. పాములు పట్టేవాళ్లకు ఫోన్ చేయబోతున్న చిన్నాయనను చిన్నమ్మ ఆపింది.

"ఇంట్ల మనిషిని పెట్టుకొని వాళ్లెందుకు? జర నువ్వు చూడు బిడ్డా."

వాడకట్టంతా వచ్చి నా వెనక నిలబడింది.

"చిన్నమ్మా, నాకు విషం ఎరుకే గని పాము ఎరుక లేదు" అన్నాను. వినయం అనుకున్నారు.

ఇంతలో పాము బయటికొచ్చి పడగ విప్పింది. కంప్యూటర్‌లో నా అణువు నేను చెబితేనే కదులుతుంది. ఇది ఎవరినీ అడగకుండా కదిలింది.

నాకు తెలివొచ్చేసరికి వాకిలి పక్కన ఆపిన ట్రాక్టర్ ట్రాలీలో నిలబడి ఉన్నాను. ఎలా ఎక్కానో ఇప్పటికీ గుర్తులేదు.

"ఇప్పుడేం జెయ్యాలె?" కింద నుంచి చిన్నమ్మ గౌరవంగా అడిగింది.

"అందరు పైకెక్కుండ్రి."

అందరూ ఎక్కారు. పాము కాసేపు మావైపు చూసి, కందిచేను దారి పట్టింది.

ఇప్పుడు మర్పల్లి, కుల్కచర్ల చుట్టాలు కూడా పాము కనబడితే నాకే ఫోన్ చేస్తారు. నేనూ అదే మాట చెబుతాను. ఇంతవరకు ఎవరికీ కాటు పడలేదు.

నా పరిశోధన వల్ల జనానికేం ఉపయోగమో థీసిస్ చివర రాయాలట. రాయడానికి ప్రస్తుతం నా దగ్గర ఉన్నది ఇదొక్కటే.