అక్క పెట్టె, నాన్న తూకం

మా చిన్నప్పుడు... మామిడికాయల పాకలో దూలానికి వేలాడే పెద్ద కాటా మీద మా అక్క ట్రంకు పెట్టెను తూచారు.

ఒక పళ్ళెంలో పెట్టె, రెండో పళ్ళెంలో ఇనప రాళ్ళు. చుట్టూ నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను, కాయలు ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళు. మా నూజివీడు వైపు అప్పటికి మా బావగారు తప్ప విమానం ఎక్కినవాళ్ళు ఎవరూ మాకు తెలియదు. అయినా సలహాలకు మాత్రం లోటు లేదు...

బావగారు అంతకుముందే ఇథియోపియాలో మాస్టారు ఉద్యోగానికి వెళ్ళారు. అక్కకు టిక్కెట్టు పంపారు. అక్కకు అప్పుడు ఐదో నెల. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని అమ్మ ఆశ. కానీ నెలలు నిండే కొద్దీ విమానం ఎక్కనివ్వరట... ఈ టిక్కెట్టు పోతే మళ్ళీ ఎప్పటికో తెలియదట. అత్తగారి వైపు వాళ్ళు పంపించేయమన్నారు. నాన్న సరేనన్నారు. అమ్మను ఎవరూ అడగలేదు.

సామాను ఇరవై కిలోలు మించకూడదని బావగారు ముందే చెప్పి పంపారు. ఆ ముక్క మా ఇంట్లో ఎవరికీ మింగుడు పడలేదు. ఆడపిల్లను అత్తారింటికి పంపితే బండి నిండా సారె సర్దే ఇల్లు మాది. పైగా ఆ ఇనప పెట్టె ఖాళీగానే సగం బరువు తినేసింది. తేలికపాటి సంచి కొందామని అక్క అంటే, పిల్లను పరాయి దేశం పంపుతూ గుడ్డసంచి చేతికిస్తామా అని నాయనమ్మ కసిరింది. ఆవిడైతే పసిబిడ్డకు మందులు అరగదీయడానికి రాతి కల్వం కూడా పెట్టించింది... విమానంలో!

అమ్మ మాత్రం ఒకే ఒక్క మూట కట్టింది. బాలింతకు పెట్టే కాయం, సొంఠి, వాము... నాన్న పాత పంచెలు చింపి మెత్తగా ఉతికిన పొత్తిగుడ్డలు, తను కుట్టిన చిన్న బొంత. కల్వం తీసేసినా, ఆవకాయ జాడీ సగం ఖాళీ చేసినా అమ్మ ఆ మూట మీద చెయ్యి వేసి నిలబడింది, అంతే.

తీసీ తీసీ చివరికి సరిపోయింది. "సరిగ్గా ఇరవై" అన్నారు నాన్న.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన ఎవరికీ ఏనాడూ సరిగ్గా తూచి ఎరుగరు. సరుకున్న పళ్ళెం కిందికి మొగ్గితేనే ఆయన లెక్కలో అది తూకం. ముల్లు మధ్యలో నిలబడితే ఎవరికో అన్యాయం చేసినట్టు ముఖం పెట్టేవారు. ఆ పైన కొసరు... నాలుగు కాయలు అదనంగా వెయ్యందే ఏ గంపా మా పాక దాటేది కాదు. కూతురి పెట్టెనూ అలాగే తూచారు. మొగ్గు చూసి తృప్తిపడి, గొళ్ళెం పెట్టబోతూ వరిగడ్డిలో చుట్టిన చిన్న రసాల మామిడిపళ్ళు పైన సర్దారు. అందరం చూస్తూనే ఉన్నాం. ఒక్కరికీ తప్పనిపించలేదు.

బస్సులో బెజవాడ, అక్కడినుంచి రైల్లో మద్రాసు. విమానాశ్రయంలో కాటాకు గడియారంలాంటి ముఖం ఉంది. పెట్టె పెట్టగానే సూది ఇరవై దాటి వెళ్ళిపోయింది.

"మా కాటాలో సరిపోయిందండీ... నేనే తూచాను" అన్నారు నాన్న. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడే పాపం. ఎక్కువైన బరువుకు డబ్బు కట్టమన్నాడు, లేదంటే తీసేయమన్నాడు. ఎంత కట్టాలో విన్నాక నాన్న పెట్టెను కాటా మీంచి దించారు.

అక్క అందరి ముందూ నేల మీద కూర్చుని పెట్టె తెరిచింది. రసాలు తీసింది. ఆవకాయ తీసింది, సున్నుండలు తీసింది, పెళ్ళినాటి పట్టుచీర తీసింది. ఇంకా తగ్గాలట... వండుకోవడానికి గిన్నెలు, కట్టుకోవడానికి రెండు నూలు చీరలు, అమ్మ మూట మిగిలాయి. అక్క ఆ మూట పట్టుకుని అమ్మ వైపు చూసింది.

"అక్కడ ఆస్పత్రి ఉంటుందిలే అమ్మా" అంది.

"నేను రాలేకే కదే ఇవన్నీ సర్దింది" అంది అమ్మ.

అక్క మూట అమ్మ చేతుల్లో పెట్టి, మూత వేసి, చెంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది. బొంబాయిలో విమానం మారేచోట బావగారి స్నేహితుడి కుటుంబం కలుస్తుందనేది ఒక్కటే మాకు ధైర్యం. తిరుగు రైల్లో నాన్న ఆ రసాలన్నీ తోటి ప్రయాణికులకు పంచేశారు. అమ్మ మూటను పైన పెట్టనివ్వలేదు, ఇంటిదాకా ఒళ్ళోనే ఉంచుకుంది. నాకు ఏడుపొచ్చింది... ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

అక్కకు ఆడపిల్ల పుట్టిందన్న కబురు మాకు చేరేసరికి ఆ పిల్ల బోర్లా పడుతోంది. తల్లీబిడ్డా క్షేమం అని నాన్న చదివి వినిపించారు. అమ్మ లేచి పెరట్లోకి వెళ్ళి, పెద్ద కాగు నిండా నీళ్ళు పోసి పొయ్యి రాజేసింది. వేపాకు వేసి, బాలింత స్నానానికి కాచినట్టే మరగబెట్టింది. కాగాక కాసేపు దాని పక్కనే కూర్చుంది... తర్వాత నన్ను పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, ఆ నీళ్ళన్నీ నాకు తలంటు పోసింది.

మీ ఇళ్ళల్లోనూ దూరదేశం పంపలేక పంపిన మనిషీ, పెట్టెలో పట్టక వెనక్కొచ్చిన మూటా ఉండే ఉంటాయి... రాయండి, చదవాలని ఉంది.

ఇప్పుడు గన్నవరం విమానాశ్రయంలో చూస్తుంటాను... కూతుళ్ళ పురుళ్ళకు విమానం ఎక్కే అమ్మల్ని. బరువెక్కువైందంటే పచ్చళ్ళూ పొడులూ నవ్వుకుంటూ తీసేస్తారు. ఏం తీసేస్తే ఏముంది... వాళ్ళు వెళ్తున్నారుగా.