సర్దుకుంటాయన్న మాట

జక్రయ్య గుంటూరులోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ ఆపరేటరు. ఏ గదిలో చలి ఎంతుందో చూసుకోవడమే పందొమ్మిదేళ్లుగా అతని పని. మనిషి నెమ్మది. ఎక్కడ గొడవ మొదలైనా అక్కణ్ణించి లేచి వెళ్లిపోయే రకం. అతనికీ భార్య ప్రేమమ్మకీ పిల్లల్లేరు. చనిపోయిన చెల్లెలు సువార్త కూతురు జ్యోతిర్మయిని ఐదో ఏట తెచ్చుకుని పెంచుతున్నారు.

2005లో ఆ పిల్లకి పదకొండేళ్లు. యజమాని ఇంట్లో అక్కర్లేదని మూలన పడేసిన అద్దాల తొట్టిని జక్రయ్య రిక్షా మీద ఇంటికి తెచ్చాడు. సముద్రపు చేపల కోసం చేయించిన తొట్టి అది. నీళ్లలో ఉప్పెంత, వేడెంత అని రోజూ చూసుకోవాలి. జక్రయ్యకి అలాంటి పని ఇష్టం. అక్వేరియం షాపు నడిపే కలీం మద్రాసు నుంచి ఉప్పు తెప్పించాడు. నెల తర్వాత రెండు క్లౌన్ ఫిష్‌లు తెచ్చి ఇచ్చాడు. నారింజ రంగు మీద తెల్ల పట్టీలు. ఒకటి బొటనవేలంత, రెండోది అందులో సగం.

మొదటి రోజు బాగానే తిరిగాయి. రెండో రోజు పొద్దుటికి పెద్దది చిన్నదాన్ని తరమడం మొదలుపెట్టింది. మేత దగ్గరికి రానివ్వదు, రాయి చాటుకి పోనివ్వదు. జక్రయ్య కలీంకి ఫోన్ చేశాడు.

"రెండు మూడు రోజులు అలాగే ఉంటాయన్నా. ఎవరు పెద్దో తేల్చుకోవాలి కదా. మీరు చెయ్యి పెట్టమాకండి. చిన్నది దాని ముందు పక్కకి ఒరిగి వణుకుద్ది చూడండి, లొంగిపోయానని చెప్పడం అది. ఆ తర్వాత ఇక కొట్టదు."

"కొట్టేది మగదా మావయ్యా?" పక్కనుంచి జ్యోతిర్మయి అడిగింది.

జక్రయ్య అదే అడిగి చెప్పాడు. "కాదంట. జంటలో పెద్దది ఆడదే అవుద్దంట."

మూడో రోజు చిన్నది వణికింది. పక్కకి ఒరిగి, తల దించి, ఒళ్లంతా సన్నగా వణికించింది. పెద్దది ఆగి చూసింది. చూసి, వణుకుతున్న దాన్ని అలాగే కొరికింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి చిన్నదాని తోక సగం చిరిగిపోయి ఉంది. నీళ్ల పైభాగాన ఒక మూల, హీటరు గొట్టం వెనక కదలకుండా నిలబడింది. జ్యోతిర్మయి అన్నం ముందు నుంచి లేచి తొట్టి దగ్గరికి వెళ్లింది.

"దాన్ని తీసెయ్ మావయ్యా."

"సర్దుకుంటాయిలే అమ్మా. కొత్తలో అంతే. మనం మధ్యలో దూరితే గొడవ ఇంకా పెరుగుద్ది."

ఆ పిల్ల వెనక్కి తిరిగింది. ఏడవలేదు. "అమ్మతో కూడా ఇదే అన్నావు," అంది.

వంటింట్లో ప్రేమమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది.

నిజమే, అన్నాడు. 1999లో సువార్త వినుకొండ నుంచి పిల్లని చంకనేసుకుని మూడోసారి పుట్టింటికి వచ్చింది. మొగుడు కొడుతున్నాడని చెప్పింది. మర్నాడే జక్రయ్య ఆమెని బస్సులో తిరిగి తీసుకెళ్లాడు. దారి పొడుగునా అతను ఆమెకి చెప్పింది ఇవే, సర్దుకుంటాయని, మధ్యలో దూరితే గొడవ పెరుగుద్దని. పిల్ల అతని ఒళ్లో కళ్లు మూసుకుని పడుకుంది. నిద్రపోతోందనే అనుకున్నాడు.

ఇరవై రెండు రోజులకి కబురొచ్చింది. మెట్ల మీంచి జారిపడి సువార్త చనిపోయిందని. జక్రయ్య వెళ్లేసరికి చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. చీర చెంగు సర్దబోతే మోచేతి పైన కమిలిన నాలుగు వేళ్ల గుర్తులు కనిపించాయి. పడినప్పుడు తగిలిన దెబ్బలు కావవి, పాతవి. చెంగు మళ్లీ కప్పాడు. జారిపడిందని రాసిన కాగితం మీద పుట్టింటి తరఫున సంతకం పెట్టాడు. ఆరేళ్లుగా ఈ సంగతి ప్రేమమ్మకి కూడా చెప్పలేదు. కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ల హోరులో ఒక్కడే ఉన్నప్పుడు వెనక నుంచి "అన్నయ్యా" అని వినిపించి తిరిగి చూసేవాడు. ఇంజన్ శబ్దం అనుకుని ఊరుకునేవాడు.

ఆ మధ్యాహ్నం జక్రయ్య వంటింట్లోంచి చిల్లుల గిన్నె తెచ్చాడు. చిన్నచేపని అందులోకి మళ్లించి, గిన్నెని తొట్టి అంచుకి తాడుతో కట్టాడు. పెద్దది బయటనుంచి గిన్నెని ముట్టెతో కొడుతూనే ఉంది. టక్ టక్ మని చిన్న చప్పుడు. ఆ చప్పుడు వింటూనే పిల్లని దగ్గర కూచోబెట్టుకుని అంతా చెప్పాడు. చెయ్యి మీది గుర్తుల సంగతీ, సంతకం సంగతీ.

జ్యోతిర్మయి గిన్నెలోని చేపనే చూస్తూ అంతా వింది. చివరికి, "నాన్న ఇంకో పెళ్లి చేసుకున్నాడంట గదా. ఆమెకి ఎవరన్నా చెప్పారా?" అని అడిగింది.

ఎవరూ చెప్పలేదు. ఆ ఆలోచనే జక్రయ్యకి రాలేదు.

ఆ వారంలోనే సెలవు పెట్టి వినుకొండ వెళ్లాడు. ముందు పోలీస్ స్టేషన్లో అడిగాడు. సంతకం పెట్టింది నువ్వే కదయ్యా, ఇన్నేళ్లకి ఏం చేస్తాం అన్నారు. అక్కణ్ణించి బావ ఇంటికి నడిచాడు. బావ లేని వేళ చూసుకునే వెళ్లాడు. తలుపు తీసిన మనిషి పేరు అంకమ్మ. ఎండలో కూడా జాకెట్టు చేతులు మోచేతి కిందికంటా ఉన్నాయి.

"నేను సువార్త అన్నని," అన్నాడు. "మా చెల్లెలు జారిపడలేదమ్మా. తెలిసి కూడా నేనే వెనక్కి తెచ్చి వదిలాను. నీకు అవసరమైతే మా ఇంటికి రా. సర్దుకోమని మా ఇంట్లో ఎవరూ అనరు." అడ్రసు రాసిన కాగితం ఇచ్చాడు.

ఆమె కాగితం తీసుకుని తలుపు వేసుకుంది.

తోక మానాక చిన్నచేపని కలీంకి తిరిగి ఇచ్చేశాడు. ఏడాదిన్నర పోయాక కలీం బజార్లో కనిపించి వింతగా చెప్పాడు. "అన్నా, మీ చిన్నది ఎంత పెరిగిందో. దానికి జతగా ఒక పిల్లచేపని వేశాను. రెండు రోజుల్లో చంపేసింది. ఆ తోక మీద మచ్చ లేకపోతే అదే ఇదని నేను కూడా నమ్మకపోదును." జక్రయ్య ఆ సంగతి జ్యోతిర్మయికి చెప్పలేదు.

అంకమ్మ 2007 వేసవిలో వచ్చింది. మిట్టమధ్యాహ్నం, చేతిలో ఒక సంచి, ఒక కన్ను మూసుకుపోయి. ప్రేమమ్మ ఏమీ అడక్కుండా మంచినీళ్లిచ్చి మంచం వాల్చింది. మూడోరోజు మొగుడు వచ్చి వీధిలో కేకలు వేశాడు. గొడవంటే లేచి వెళ్లిపోయే జక్రయ్య గుమ్మంలో రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఇరుగుపొరుగు వచ్చేదాకా కదల్లేదు.

అంకమ్మ ఇప్పుడు అదే కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తోంది. జ్యోతిర్మయి ఆమెని పిన్నీ అంటుంది. నవ్వుతూనే ఉంటారు ఇద్దరూ. కానీ మేడ మీద బట్టలారేసి అంకమ్మ కిందికి దిగుతుంటే జక్రయ్య చేతిలో పని వదిలేసి వస్తాడు. మెట్ల కింద నిలబడి, ఆఖరి మెట్టు దిగేదాకా పైకే చూస్తుంటాడు.

"నేను పడనులే అన్నయ్యా," అంటుంది ఆమె.

అతను తల ఊపుతాడు. అక్కణ్ణించి మాత్రం కదలడు.