పెదాలు మూసుకోని అంకెలు

ఎర్సీలియా బొన్ఫాంతి పొట్టకూటి కోసం అరిచేది. రోమ్‌లో తెర మీద చచ్చే ఆడపిల్లల్లో సగం మందికి గొంతు ఆవిడదే. పక్కన కూర్చుని క్యాబేజీని కత్తితో పొడిచి, తడిగుడ్డలు పిండి, చావు చప్పుళ్లు చేసేవాణ్ని నేను. ఇరవై రెండేళ్లు కలిసి పనిచేశాం, రోజూ పోట్లాడుకున్నాం.

మావాళ్లు సినిమా తీసేటప్పుడు శబ్దం పట్టరు. ఫ్యాన్లు హోరెత్తుతుంటాయి, దర్శకుడు మైకులో అరుస్తుంటాడు. చిన్న వేషాలవాళ్లకు మాటలు కూడా ఇవ్వరు, పెదాలు కదిలితే చాలని ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టమంటారు. మాటలు తర్వాత మేం అతికిస్తాం.

డెబ్బైమూడులో ఆడపిల్లల హాస్టల్లో వరస హత్యల సినిమా ఒకటి మా దగ్గరకొచ్చింది. అందులో చిన్న వేషం వేసిన నీవెస్ అనే పందొమ్మిదేళ్ల పిల్లను నల్ల చేతితొడుగుల హంతకుడు నీళ్లతొట్టిలో ముంచుతాడు. ఎర్సీలియా ఒక్కసారికే "వద్దు, చంపకు" అని అరిచేసింది. నా నీళ్ల చప్పుళ్లు ఎక్కడ పడాలో చూడ్డానికి శబ్దం తీసేసి ఆ ఫిల్ము ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పారు. ఆవిడ లేచి తెర దగ్గరకు వెళ్లింది. వాళ్లమ్మకు చెవుడు. పసితనం నుంచే పెదాలు చదివిన మనిషి.

"గాస్పరే, ఈ పిల్ల లెక్కపెట్టట్లేదు."

"మరేం చేస్తోంది, జపమా?"

"వెటకారం కట్టిపెట్టు. ఒకటి నుంచి పది దాకా అను. ఎక్కడైనా పెదాలు మూసుకున్నాయా?"

అన్నాను. మా ఇటాలియన్‌లో పది దాకా ఏ అంకెకూ పెదాలు మూసుకోవు. తెర మీద పిల్ల నీళ్లలోంచి లేచిన ప్రతిసారీ మూసుకుంటున్నాయి.

"చాలు, ఆపండి, అంటోంది."

ముక్క తిరుగుతూనే ఉంది. పిల్ల మునుగుతోంది, లేస్తోంది, చప్పుడు లేకుండా మమ్మల్నే అడుగుతోంది. నాకు భయం వేసింది.

"ఆ పిల్ల పోయిందిగా," అన్నాడు దర్శకుడి సహాయకుడు సిగరెట్ వెలిగిస్తూ. "ఊపిరితిత్తుల్లోకి నీళ్లెళ్లి, మూడోరోజు ఆసుపత్రిలో."

కోర్టులో విచారణ జరిగింది. ఆపమని ఆ పిల్ల అడగలేదు, లెక్కపెడుతోందనుకున్నాం, అన్నారు షూటింగువాళ్లందరూ. ముందు వరసలో నల్లబట్టల్లో నీవెస్ తల్లి కూర్చునేది. తన బిడ్డ బతిమాలిందని ఒక్కరు ఒప్పుకుంటే ఆవిడకు చాలు. ఎర్సీలియా సాక్ష్యం చెబుతానంది.

"నీ పని పోతుంది," అన్నాను.

"పోనీ. నీ క్యాబేజీలు కూర చేసుకుని తింటాలే."

కంపెనీ లాయరు ఆ సీను మా శబ్దాలతో సహా వేయించాడు.

"ఈ గొంతు మీదేనా అమ్మా?"

"నాదే."

"ఆ పెదాలకు సరిపోయిందా, లేదా?"

ఎర్సీలియా తెర వైపు చూసింది. పనిలో ఆవిడ ఏనాడూ తప్పు చేయలేదు, అదే మా ఖర్మ.

"సరిపోయింది," అంది.

"అయితే ఆ పెదాలకు ఏ మాట అతికించినా అతుకుతుందన్నమాట," అన్నాడు లాయరు.

శబ్దం తీసేసి కూడా చూపించమని పట్టుబట్టింది. చూపించారు. అప్పటికే అందరి చెవుల్లో ఆవిడ అరుపే నిండిపోయింది. నిజం చెప్పొద్దూ, నాక్కూడా ఆ పిల్ల "వద్దు, చంపకు" అంటున్నట్టే కనిపించింది. నామీద నాకే అసహ్యం వేసింది. కేసు కొట్టేశారు.

బయట మెట్ల మీద నీవెస్ తల్లి ఎర్సీలియా చెయ్యి పట్టుకుంది.

"నేను నమ్మానమ్మా. ఆపమనడం ఒక్కటేనా, ఇంకేమైనా అందా?"

నాక్కూడా ఎన్నడూ చెప్పని మాట ఎర్సీలియా అప్పుడు చెప్పింది.

"చివరికి వాళ్లను అడగడం మానేసిందమ్మా. మిమ్మల్ని పిలిచింది."